బంతి కనబడని మ్యాచ్

నా ముప్పై రెండేళ్ల సర్వీసులో ఒకే ఒక్కసారి, ఒక మనిషి బతుకుతెరువును నా నోటిమాటతో పాడుచేశానని వారం రోజులపాటు గట్టిగా నమ్మాను. ఆ మనిషి అమెరికావాడు. పాడుచేసిన చోటు తాడేపల్లిగూడెం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఆ వారం మాత్రం నాకు అన్నం సహించలేదు.

కొత్తగా వ్యాయామ ఉపాధ్యాయులైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. గెలిచిన కప్పుల గురించి చెప్పమంటారు. కప్పులు బీరువా మీద ఉన్నాయి, దుమ్ము దులుపుకుని మీరే చూసుకోండి అంటాను. గెలిచిన సంగతులు చెప్పడానికి లోకంలో చాలామంది ఉన్నారు. నేను చేసిన పొరపాటు చెబుతాను, అదైతే మీకు ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

నేను ఏలూరులో ఒక మిషన్ బాలికల హైస్కూల్లో పీఈటీగా పనిచేశాను. మా కుటుంబంలోకి బాస్కెట్‌బాల్ చర్చితోపాటే వచ్చింది. దొరలు గుడి కట్టి, బడి కట్టి, మిగిలిన సిమెంటుతో కోర్టు వేశారని మా నాన్న అనేవాడు. ఆ కోర్టు మీదే ఆయన ఆడాడు, నేను ఆడాను, తర్వాత నా దగ్గర చదివిన ఆడపిల్లలు ఆడారు.

రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయిన రోజుల్లో కోస్తా పట్టణాలకు ఒక ప్రైవేటు లీగు పుట్టింది. ఆరు జట్లు. ఆటగాళ్లకు జీతాలు. జట్టుకో విదేశీ ఆటగాడు. ఈ లీగు పేరు మీరెప్పుడూ విని ఉండరు, ఎందుకంటే దాని మొదటి సీజనే చివరి సీజన్ కూడా. గూడెం జట్టును ఒక రైసుమిల్లు ఆసామి తీసుకున్నాడు. ఆయన తీసుకున్నాడని తెలిసి ఏలూరు జట్టును కొల్లేటి ఒడ్డున చేపల చెరువులున్న ఒకాయన తీసుకున్నాడు. ఇద్దరికీ ఏవో పాత పట్టింపులున్నాయి. మా జట్టు తీసుకున్నాయన ఒకప్పుడు వాళ్ల ఊరి ప్రెసిడెంటు, అందుకని పదవి పోయినా అందరూ ప్రెసిడెంటుగారనే పిలిచేవారు. ఆయనకు బాస్కెట్‌బాల్ గురించి తెలిసినదల్లా బుట్టకు అడుగు ఉండదనే.

ఒకరోజు స్కూలుకొచ్చి, హెడ్మిస్ట్రెస్ గదిలో కూర్చుని నన్ను పిలిపించాడు.

"టీచరుగారూ, మా అమ్మాయిని ఎండలో పరిగెత్తించి పరిగెత్తించి జిల్లా జట్టుకు ఆడించారండి మీరు. ఆ పనేదో మగాళ్లక్కూడా చేసిపెట్టండి."

"మగవాళ్ల జట్టుకు ఆడకోచ్ ఏంటండీ?"

"మీరు విజిలూదితే మా అమ్మాయి ఇప్పటికీ అన్నం మధ్యలో లేచి నిలబడుద్దండి. నాకా విజిలు కావాలి."

కాదనలేకపోయాను. కాదనాలని కూడా లేదు, నిజం చెప్పాలంటే.

అమెరికా ఆటగాడు వచ్చేరోజు ప్రెసిడెంటుగారు ఏలూరు స్టేషనుకు పదిమంది మనుషులతో, గులాబీల దండతో వచ్చాడు. ఏడడుగుల మనిషి దిగుతాడని ఆయన లెక్క. కారు పైకప్పు చాలదేమోనని ముందుసీటు వెనక్కి జరిపించి కూడా ఉంచాడు. దిగినవాడు నాకంటే ఒక జానెడు పొడుగు, అంతే. ముప్పై అయిదేళ్లుంటాయి. నున్నగా గీయించుకున్న తల, భుజాన ఒక్క సంచీ, మొహంలో అలసట.

ప్రెసిడెంటుగారు నన్ను పక్కకు పిలిచాడు. "ఇదేంటండీ! మన పెదపాడు కుర్రాడే ఇంతకన్నా పొడుగు కదండీ!"

"ఈయన గార్డ్ అండి" అన్నాను.

"కాపలాకైతే చెరువుల మీద నాకు పన్నెండుమంది ఉన్నారండి టీచరుగారూ. అమెరికా నుంచి ఎందుకండీ?"

గార్డ్ అంటే బంతిని ముందుకు నడిపించేవాడనీ, ఎవరెక్కడుండాలో చెప్పేవాడనీ, అసలు ఆట అతని చేతిలోనే ఉంటుందనీ ప్లాట్‌ఫారం మీదే విడమర్చి చెప్పాను. ఆయన అంతా విని, "బుట్టలో వేస్తాడా మరి?" అన్నాడు. వేస్తాడన్నాను. "అది చెప్పండి ముందు" అని దండ వేశాడు.

అతను అప్పటికి పదకొండేళ్లుగా దేశాలు పట్టుకుని తిరుగుతున్నాడు. ఒక దేశంలో సీజన్ సగంలో జట్టు మూతపడిందట. ఇంకోచోట స్టేడియం కప్పు కారి కోర్టు మధ్యలో బకెట్ పెట్టి ఆడించారట. పాస్‌పోర్టులో ఖాళీ పేజీలు రెండే మిగిలాయి. వాళ్ల దేశంలో పెద్ద లీగు వాళ్లు ఎప్పుడూ పిలవలేదు. ఆ సంగతి తనే మొదటిరోజు చెప్పేశాడు, మనం అడిగి ఇబ్బంది పడకుండా. నాకు ఆ పద్ధతి నచ్చింది.

కుడి మోకాలు బాగోలేదన్న సంగతి మాత్రం చెప్పలేదు. రెండోరోజు ప్రాక్టీసయ్యాక ఐసు కావాలని అడిగితే ప్రెసిడెంటుగారు చేపలు ప్యాక్ చేసే ప్లాస్టిక్ ట్రే నిండా ఐసుముక్కలు పంపించాడు. అందులో కాలు పెట్టుకుని కూర్చునేవాడు. ట్రేని ఎన్నిసార్లు కడిగినా బొచ్చెచేప వాసన పోలేదు. లాడ్జి నుంచి కోర్టుదాకా రెండు పిల్లులు అతని వెంట వచ్చేవి. మోకాలు కొద్దిగా పట్టేసింది, అంతే, అనేవాడు. నేనూ అంతేననుకున్నాను.

అసలు కష్టం మావాళ్లతో వచ్చింది. జట్టులో ఒక బ్యాంకు క్యాషియరు ఉండేవాడు, నలభై దాటిన మనిషి. ఇద్దరు రైల్వేవాళ్లు, కొందరు కాలేజీ కుర్రాళ్లు. ఆట వచ్చు. కానీ మర్యాద అంతకన్నా ఎక్కువ వచ్చు. బంతి చేతికొచ్చాక ఇరవై నాలుగు సెకన్లలో బుట్టకేసి వెయ్యాలి. అందులో పది సెకన్లు మావాళ్లకు పిలుపులకే సరిపోయేవి.

"ఏవండీ, నేనిక్కడ ఖాళీగానే ఉన్నానండి. వీలుంటే బంతి ఒకసారి ఇటిస్తారాండీ?"

అమెరికా అతను ఆట ఆపి నన్నడిగాడు. "వీళ్లు ప్రార్థన చేస్తున్నారా, కోచ్?"

తర్జుమా చేసి చెప్పాను. నవ్వడేమో అనుకున్నాను గానీ కోర్టు మీద వెల్లకిలా పడుకుని నవ్వాడు. తర్వాత లేచి, బంతి కావాలంటే మీ భాషలో అన్నిటికంటే చిన్నమాట ఏదని అడిగాడు. "ఇటు" అని చెప్పాను. ఆ రోజునుంచి నోరు మెదపకుండా ఆడినవాడల్లా కోర్టు చుట్టూ మూడుసార్లు పరిగెత్తాలని రూలు పెట్టాడు. క్యాషియరు మొదటివారం ప్రాక్టీసులో ఆడినదానికంటే చుట్టూ పరిగెత్తిందే ఎక్కువ.

"ఎలా అరుస్తామండీ మేడమ్" అని నా దగ్గర వాపోయాడు. "ఆ రైల్వే ఆయన మా మేనేజరుగారి బావమరిదండి. ఆయన్ని పట్టుకుని 'ఇటు' అంటే రేపు బ్యాంకులో నా మొహం ఎక్కడ పెట్టుకోనండీ?"

చివరికి రాజీ కుదిరింది. "ఇటండీ!" అని అరవొచ్చు. ఆ ఒక్క అండీ తోకతో మావాళ్లకు నోరు పెగిలింది. అమెరికా అతను కూడా అదే అరిచేవాడు. అతను ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉండేవాడు. వెనక్కి తిరగమని, చేతులెత్తమని, ఫరవాలేదని, మళ్లీ వెయ్యమని. తప్పుచేసిన మనిషి వీపుమీద తట్టి అప్పుడు పరిగెత్తేవాడు. మూడు మ్యాచులు వరసగా ఓడాం. తర్వాత గెలవడం మొదలుపెట్టాం. ప్రెసిడెంటుగారు ప్రతి మ్యాచయ్యాక ఒకే ప్రశ్న వేసేవాడు. "మనాడు ఎన్నేశాడండి?" ఇంతమందిచేత వేయించాడండీ అంటే ఆయనకు ఆనేది కాదు.

సీజన్లో ఒక్క మ్యాచి మిగిలి ఉందనగా, ఒక ఉదయం అమెరికా అతను ప్రాక్టీసుకు ముందే వచ్చి మెట్లమీద నా పక్కన కూర్చున్నాడు. చేతిలో ఇంటర్నెట్ సెంటర్లో ప్రింటు తీయించిన కాగితం. యూరప్‌లో ఏదో చలిదేశంలో ఒక క్లబ్బు గార్డ్‌కు కాలు విరిగిందట. వాళ్లకు మనిషి కావాలి. ఈమధ్య ఆడిన మ్యాచి ఒకటి మొదటినుంచి చివరిదాకా వీడియో పంపిస్తే చూసి చెబుతామన్నారు. రెండు వారాల్లో అందాలి.

"ఇది దొరికితే ఇంకో రెండేళ్లు ఆడతాను" అన్నాడు. "దొరక్కపోతే అయిపోయినట్టే, కోచ్. ఇంకెవరూ అడగడం లేదు."

"అయిపోతే ఏంచేస్తావు?"

"అదే తెలియదు. ఆరేళ్ల వయసునుంచి బంతి కొట్టడం తప్ప ఇంకేమీ నేర్చుకోలేదు."

మా లీగు వాళ్లు మ్యాచులు వీడియో తీయించేవాళ్లు కారు. కరెంటు ఉంటే చాలనుకునే లీగు అది. ఆ చివరి మ్యాచి గూడెంలో, రైసుమిల్లు ఆసామి జట్టుతో. "దానిదేముంది, నేను తీయిస్తాను" అన్నాను. ఏదైనా పనిని "దానిదేముంది" అని మొదలుపెట్టినప్పుడల్లా నాకు ఏదో ఒకటి జరిగింది. అయినా ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

ఏలూరు పవర్‌పేటలో పెళ్లి వీడియోలకు పేరుపడ్డ మనిషి ఒకాయన ఉండేవాడు. పెద్దమనిషి, మెత్తగా మాట్లాడతాడు, చెప్పిన టైముకు వస్తాడు. మా చెల్లెలి కూతురి పెళ్లి కూడా ఆయనే తీశాడు. షాపుకెళ్లి విషయం చెప్పాను.

"ఆటలెప్పుడూ తియ్యలేదండి మరి" అన్నాడు.

"ఆటేముందండీ, పెళ్లికన్నా తేలిక. పురోహితుడు తొందరపెట్టడు. ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ఈ వీడియో ఆ అమెరికా ఆయన కోసం. మొదటినుంచి చివరిదాకా ఆయన మీంచి కెమెరా తిప్పారంటే మాత్రం ఊరుకోను."

"అయ్యబాబోయ్, నేనెందుకు తిప్పుతానండీ? పెళ్లికొడుకు మీంచి తిప్పుతామా?"

"అంతే. ఆయన్నే పెళ్లికొడుకనుకోండి."

ఎంత చక్కగా చెప్పానో అనుకుంటూ రిక్షా ఎక్కి ఇంటికొచ్చాను.

మ్యాచి ఆదివారం మధ్యాహ్నం. నేను చర్చినుంచి తిన్నగా వ్యాను ఎక్కాను. ప్రెసిడెంటుగారు రెండు లారీల్లో చెరువుల జనాన్ని దింపాడు. రైసుమిల్లు ఆసామి మూడు లారీలు దింపాడు. ముందు సభ. సభలో దుశ్శాలువలు. తర్వాత ప్రెసిడెంటుగారు మా ఆటగాడికి దండ వేశాడు. వీడియో ఆయన కెమెరా కళ్లనుంచి దించి, "ఏమనుకోకండి ప్రెసిడెంటుగారూ, దండ మొహానికి అడ్డొచ్చిందండి, ఇంకోసారి" అన్నాడు. రెండోసారి వేస్తే వెనక రైసుమిల్లు ఆసామి కనబడుతున్నాడని ప్రెసిడెంటుగారే తీసి మూడోసారి వేశాడు.

"మీ దగ్గర మూడుసార్లు వెయ్యడం ఆచారమా?" అని నన్నడిగాడు అమెరికా అతను.

అవునన్నాను. ఆ ఎండలో వివరించే ఓపిక లేదు.

ఆట మొదలయ్యాక వీడియో ఆయన మొదటి నిమిషంలోనే కోర్టులోకి నడిచి వచ్చేశాడు. పెళ్లిపందిట్లో తిరిగినట్టు, మా ఆటగాడి ముందు వెనక్కి నడుస్తూ తీస్తున్నాడు. రిఫరీ విజిల్ ఊది బయటికి పంపించాడు. కాసేపటికి మళ్లీ వచ్చాడు. ఫ్రీ త్రో వెయ్యడానికి గీత దగ్గర నిలబడ్డ మనిషిని, "సార్, ఒక్కసారి ఇటు చూడండి సార్, కొంచెం నవ్వుమొహం" అని అడిగాడు. అతను పాపం నవ్వి వేశాడు, బంతి పడలేదు. ఇంకోసారి లోపలికొస్తే మా జట్టుకు శిక్ష వేస్తానని రిఫరీ నాతో అన్నాడు. వీడియో ఆయన్ని లాక్కొచ్చి బెంచీ చివర కూర్చోబెట్టాను. అక్కణ్నుంచి జూమ్ చేసుకుంటానన్నాడు. ఆయన పని ఆయనకు తెలుసులే అని నేను ఆటలో పడ్డాను.

ఆ ఆట గురించి చెప్పాలి. అతను సీజనంతా దాచుకున్నదంతా ఆ రోజు బయటికి తీశాడు. మోకాలు ఏమైందో, వయసు ఏమైందో తెలియలేదు. ఆఖరి నిమిషానికి మేం ఒక్క పాయింటు వెనకబడి ఉన్నాం. బంతి అతని చేతిలో ఉంది. గూడెం ఆటగాళ్లు ఇద్దరు అతని మీద పడ్డారు. చెరువుల జనమంతా లేచి "వెయ్యి బాబూ వెయ్యి" అని అరుస్తున్నారు. అవతల బుట్ట కింద క్యాషియరు ఒక్కడే ఉన్నాడు. సీజన్ మొత్తంలో ఆయన వేసినవి వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. "ఇటండీ!" అని ఆయన గొంతు చించుకుని అరిచాడు, బ్యాంకు పరువు కూడా మర్చిపోయి. బంతి ఆ ఇద్దరి చేతుల మధ్యనుంచి వెళ్లి క్యాషియరు చేతుల్లో పడింది. ఆయన భయంతో కళ్లు మూసుకుని వేశాడు. అది ఇనపచట్రం మీద రెండుసార్లు గెంతి లోపల పడింది.

"ఫారినాయన వెయ్యకుండా బ్యాంకాయనకి ఇత్తాడా!" అని తిడుతూ కోర్టులోకి వచ్చిన ప్రెసిడెంటుగారు, గెలిచామని దారిలో ఎవరో చెబితే ఆ ఊపులోనే క్యాషియర్ని కావలించుకున్నాడు.

వ్యానులో అమెరికా అతను నా పక్కన కూర్చున్నాడు. "ఈ ఏడాదిలో నా మంచి ఆట ఇదే, కోచ్. ఇది చాలు" అన్నాడు. నాకు కొడుకు పరీక్ష పాసైనంత సంతోషమేసింది.

వీడియో ఆయన మిక్సింగ్ అని ఆరు రోజులు తీసుకున్నాడు. సీడీలు చేతికొచ్చేసరికి కొరియరు వాడు తలుపు మూస్తున్నాడు. ఆ రోజు వెళ్లకపోతే గడువులోపల అందదు. చూసే వ్యవధి ఎక్కడిది? ఒక కాపీ కవర్లో పెట్టి అతికించి పంపించేశాను. రెండో కాపీ ప్రెసిడెంటుగారికి ఇచ్చాను.

మర్నాడు ఆదివారం ప్రెసిడెంటుగారు జట్టునంతా వాళ్ల ఊరికి భోజనానికి పిలిచాడు. నాలుగు రకాల చేపలు, రెండు రకాల రొయ్యలు. భోజనాలయ్యాక హాల్లో టీవీ ముందు అందరం కూర్చున్నాం. వీడియో ఆయన్ని కూడా పిలిచారు, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు.

మొదట తెరమీద ఒక గులాబీ మొగ్గ విచ్చుకుంది. అందులోంచి అమెరికా అతని మొహం పైకి వచ్చింది. వెనక సన్నాయి. తర్వాత మూడు దండలూ వరసగా, నిదానంగా. నాకు అప్పటికీ అర్థంకాలేదు, మొదట్లో ముచ్చటకు పెట్టాడేమో అనుకున్నాను. ఆట మొదలైంది. అతని మొహం. పరిగెడుతున్న మొహం. ఆగిన మొహం. అరుస్తున్న మొహం. చెమట తుడుచుకుంటున్న మొహం. బంతి ఎక్కడా లేదు. అతను పైకి ఎగిరి వేస్తే చేతులు తెర పైకి పోయి, కళ్లు మాత్రం కనబడ్డాయి. అది పడిందో లేదో ఆ కళ్లను చూసి మనమే తెలుసుకోవాలి. క్యాషియరు ఆఖర్న వేసినప్పుడు తెరమీద అమెరికా అతను ఊపిరి బిగబట్టి ఎటో చూస్తున్నాడు, తర్వాత నవ్వాడు, ఆ నవ్వు చుట్టూ చుక్కలు మెరిశాయి. గంటన్నరసేపు బంతి ఒక్కసారి కూడా కనబడలేదు. బుట్ట కూడా కనబడలేదు.

"అబ్బాయి ఎంత ముచ్చటగా ఉన్నాడో!" అంది ప్రెసిడెంటుగారి భార్య. ప్రెసిడెంటుగారు కూడా, "బాగా తీశారండి, మూడో దండలో నేను బాగా పడ్డాను" అన్నాడు.

నేను లేచాను. ఆ ఇంట్లో అరవకూడదనుకుంటూనే అరిచాను. "బంతేదండీ? ఆటేది? గంటన్నర మనిషి మొహం తీసి పెడతారా?"

వీడియో ఆయన తెల్లబోయాడు. "మీరేకదండీ అన్నారు, ఆయన మీంచి తిప్పితే ఊరుకోనని. ఒక్క క్షణం తిప్పలేదండి నేను. కాలు తిమ్మిరెక్కినా తిప్పలేదు. బంతిని తియ్యమని మీరు చెప్పలేదు కదండీ."

"అది చెప్పాలాండీ?"

"తలంబ్రాలప్పుడు బియ్యం ఎటు పడ్డాయో తీస్తామాండీ? పోసుకునేవాళ్ల మొహాలు తీస్తాం. ఎవరైనా చూసుకునేది అదేకదండీ."

ఆయన తప్పు ఇసుమంత లేదు. ఇరవై ఏళ్లుగా తనకొచ్చిన పని, నేను చెప్పినట్టు, అక్షరం పొల్లుపోకుండా చేశాడు. చెప్పిన మనిషి బుద్ధే వంకర.

అమెరికా అతను రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పి ఒకచోట ఆపాడు. ఎవరూ చూడటం లేదనుకుని వంగి మోకాలు పట్టుకున్న క్షణం అది. పళ్లు బిగించి ఉన్నాయి. ఇంకోచోట ఆపాడు. మళ్లీ అదే. ఆటంతా నొప్పి దాచుకుంటూ ఆడాడని ఆ హాల్లో అందరికీ అర్థమైంది. నాకూ అప్పుడే అర్థమైంది. అతని కోచ్‌ని నేను. పక్కనే బెంచీ మీద కూర్చుని బంతిని చూస్తూ ఉన్నాను.

"ఇన్నేళ్లలో ఎన్నో వీడియోలు తీశారు" అన్నాడు చివరికి. "అన్నిట్లో బంతి ఉంది. అందుకే ఇది కనబడలేదు."

తిరుగుదారిలో, పొరపాటు జరిగిందని ఆ క్లబ్బుకు ఉత్తరం రాద్దామన్నాను.

"ఏమని రాద్దాం, కోచ్? బంతి నిజంగానే ఉందనా?"

నవ్వుతూనే అన్నాడు, నేను నవ్వలేకపోయాను. ఆ వారం స్కూల్లో పిల్లల్ని ఊరికే కసురుకున్నాను. చర్చిలో పాట నోటికి రాలేదు. నేను ముందుగా ఒక్క మాట, ఒకే ఒక్క మాట, ఆటను తియ్యండి అని ఉంటే సరిపోయేది. లీగు అయిపోయింది, మిగతా జట్ల విదేశీయులంతా వెళ్లిపోయారు. అతను మాత్రం జవాబుకోసం లాడ్జిలో ఉండిపోయాడు. ప్రెసిడెంటుగారు ఐసు పంపడం మానలేదు.

శనివారం మధ్యాహ్నం ఇంటర్నెట్ సెంటర్‌కు తోడు రమ్మని పిలిచాడు. జవాబు వచ్చింది. అతను చదివి, కుర్చీ నావైపు తిప్పాడు. నాకు గుర్తున్నంతలో ఆ క్లబ్బు కోచ్ రాసింది ఇది. సీడీ పెట్టగానే ఎవరో వేళాకోళానికి పంపారనుకుని ఆపబోయాడట. తర్వాత ఆపలేకపోయాడట. మోకాలు చూశాను, ఆటగాడిగా నిన్ను తీసుకోలేను అని సూటిగా రాశాడు. ఆ కింద రాసింది మాత్రం నేను రెండుసార్లు చదివాను. బంతి కనబడకపోవడంవల్ల నీ కళ్లే చూస్తూ కూర్చున్నాను. ఎవరు ఎక్కడికి వెళ్తారో వాళ్లకంటే ముందే నీ కళ్లు అక్కడికి వెళ్తున్నాయి. ఎవరైనా తప్పుచేస్తే ముందు వాళ్ల దగ్గరికి వెళ్తున్నావు, తర్వాతే ఆటలోకి వెళ్తున్నావు. మా కుర్రవాళ్ల జట్టుకు కోచ్ కావాలి, వస్తావా?

నేను ఆ కుర్చీలోంచి గెంతినంత పనిచేశాను. దేవుడికి స్తోత్రం అని పైకే అన్నాను, పక్క కంప్యూటర్లవాళ్లు తిరిగి చూశారు. అతను కదల్లేదు.

"ఇక ఆడొద్దంటున్నారు, కోచ్" అన్నాడు.

అప్పుడు నాకు బుద్ధొచ్చింది. ఉద్యోగం దొరికిందని నేను పండగ చేసుకుంటున్నాను. అతనికి మాత్రం ఆట పోయింది.

"మీరు ఎప్పుడు ఆపేశారు?" అని అడిగాడు. నేను ఆడేదాన్నని ఎవరు చెప్పారో తెలియదు. బహుశా ఎవరూ చెప్పలేదేమో, చూసి తెలుసుకుని ఉంటాడు.

"ఇరవై మూడో ఏట. యూనివర్సిటీ జట్టుకు ఆడుతున్నాను. పెళ్లయింది. నిక్కరు వేసుకుని గెంతడం ఇక బాగోదమ్మా అంది మా అత్తగారు."

"మీరేమన్నారు?"

"ఏమీ అనలేదు. నన్నెవరూ అడగలేదు."

"బాధపడ్డారా?"

పదేళ్లపాటు బంతి చప్పుడు వింటే అరచేతులు దురదపెట్టేవని చెప్పాను. ఆ మాట అంతకుముందు మా ఆయనకు కూడా చెప్పలేదు. "తర్వాత ఒకరోజు నా దగ్గర నేర్చుకున్న పిల్ల ఒకతి, నాకు ఎన్నడూ రాని షాటు వేసింది. ఆ రోజునుంచి దురద తగ్గింది. పూర్తిగా పోయిందని మాత్రం చెప్పను."

అతను తల ఊపాడు. కంప్యూటరు వైపు తిరిగి రెండు వేళ్లతో టైపు చేశాడు. వస్తున్నానని, అంతే. పంపించేసి లేచాడు.

"మీ అమ్మాయిలకు ఇవాళ ప్రాక్టీసుందా?"

ఉందన్నాను. వస్తానన్నాడు.

సాయంత్రం నాలుగున్నరకు మా బడికి వచ్చాడు. బూట్లు వేసుకోలేదు, చెప్పులతో వచ్చాడు. గీత బయట చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నా పిల్లలు కాసేపు సిగ్గుపడి, తర్వాత మర్చిపోయి ఆటలో పడ్డారు. ఒక పిల్ల చేతిలోంచి జారిన బంతి దొర్లుకుంటూ వచ్చి అతని పాదాల దగ్గర ఆగింది. అతను వంగి తీశాడు. అక్కణ్నుంచి బుట్ట ఎంతో దూరం లేదు. ఆ దూరం నుంచి అతను కళ్లు మూసుకుని వెయ్యగలడు, నేను కనీసం వందసార్లు చూశాను. పిల్లలంతా ఆట ఆపి, వేస్తాడని చూస్తున్నారు. నేనూ చూస్తున్నాను. బంతిని నేలకేసి ఒకసారి కొట్టాడు. చేతిలోకి తీసుకుని, నడిచి వెళ్లి, ఆ పిల్ల చేతుల్లో పెట్టాడు.

ఆ పిల్ల వేసింది. పడలేదు. మళ్లీ వెయ్యమని చేత్తో చూపించాడు. నాకు ఏడుపొచ్చింది. పిల్లలు చూడకుండా అటు తిరిగి విజిల్ ఊదాను.